పట్టీలు విప్పడం ఎప్పుడు

కెప్టెన్ గారి తెరచాప పడవ అమ్మకానికి పెట్టినప్పుడు ప్రకటన నేనే రాశాను. ఎదుటి మనిషితో నాలుగు ముక్కలు మాట్లాడలేను గానీ కాగితం మీద బాగానే ఉంటాను. ముప్పై ఆరడుగుల పాత పడవ, బరువైన ఒళ్ళు, మహాసముద్రాలు దాటడానికి కట్టింది. ఓడల ఉద్యోగం మానేశాక ఆయన దాన్ని కొనుక్కుని ఇక్కడే మా దీవిలో, హాడో రేవు వైపు, లంగరు మీద ఉంచుకున్నారు. ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదు. "ఒడ్డు నుంచి తెచ్చే బుల్లి డింగీలోంచి ఎక్కలేనివాడికి పడవెందుకు," అన్నారు కిటికీ వైపు చూస్తూ.

నాన్న ఫీనిక్స్ బేలో ఫెర్రీల మీద పనిచేస్తాడు. డ్యూటీ లేని రోజుల్లో ఆ పడవని చూసుకునేది ఆయనే. అడుగున చేరిన నీళ్ళు తోడటం, నాచు గీకటం, తాళ్ళు మార్చటం. కెప్టెన్ గారు ఆయన్ని ఒక్క మాట కూడా రెండోసారి అడగరు. నాన్న చెప్పాడంటే అయినట్టే.

చూడ్డానికి కొచ్చి నుంచి ఒక జంట వచ్చారు. ఉద్యోగాలు వదిలేశారు. పడవ కొని, శ్రీలంక చుట్టి, దాని మీదే ఇంటికి వెళ్ళాలని. వాళ్ళకి హిందీ రాదు. నాన్న ఇంగ్లీషు ఓడ మాటల దగ్గరే ఆగిపోతుంది. అందుకని మధ్యలో నేను.

"గోడలతో కూడా మాట్లాడదు, దీన్ని తీసుకెళ్తున్నావా బోటు అమ్మడానికి?" అంది అమ్మ.

"బోటు నేనమ్ముతాను. ఇది పక్కన నిలబడి ఇంగ్లీషు చేస్తాది. బస్, అంతే," అన్నాడు నాన్న.

ఆ జంటలో ఆయన ఎక్కగానే తెరచాపల సంచీలు విప్పించాడు, చుక్కాని పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. ఆవిడ మాత్రం లోపలికి దిగి ఒక్కో అలమర తెరిచి, సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. సముద్రం మీదకి వెళ్ళబోయేది తనేనని ఆవిడకి గుర్తుంది. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు డెక్ అంచున ఎక్కడ దిగుతున్నాయో చూపించి, వీటి కింద ఏముంటాయి అని అడిగింది.

ఆ తీగలు డెక్ కింద స్టీలు పలకలకి బిగించి ఉంటాయి. అటు మూడు, ఇటు మూడు. నాన్న వాటిని పట్టీలంటాడు, ఆడపిల్లల కాళ్ళవి అన్నట్టు. బయటికి నిగనిగలాడుతున్నా చెక్క వెనకాల ఉప్పునీరు ఊరి లోలోపల తినేస్తుంది. నడిసముద్రంలో ఒక్కటి తెగితే స్తంభం కూలుతుంది. ఇదంతా ఆవిడకి ముందే తెలుసు.

"వీటిని విప్పి చూసింది ఎప్పుడు?"

నాన్న అప్పుడు నేల పలక ఎత్తి, తల లోపల పెట్టి పంపు కొడుతున్నాడు. గట్టిగా అరవాలి. నాకు గట్టిగా అరవడం రాదు. అందుకే మాట కురచ చేశాను.

"నాన్నా, పట్టీలు విప్పడం కబ్?"

"కల్, కల్," అన్నాడు లోపల్నుంచి.

మా ఇంట్లో మాట తెలుగులో మొదలై హిందీలో తేలుతుంది. హిందీలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట, కల్. వెనకాల వచ్చే క్రియని బట్టి ఏదో తెలుస్తుంది. నేను కబ్, ఎప్పుడు, అన్నానే గానీ కాలం చెప్పే క్రియ వెయ్యలేదు. నాన్న క్రియ లేకుండా చెప్పాడు. ముందురోజంతా నాన్న పడవ మీదే ఉన్నాడు కదా అని, నేను ఇంగ్లీషులో "నిన్న" అన్నాను.

"అన్నీ బాగున్నాయా?" అని అడిగింది ఆవిడ.

నాన్న తల బయటపెట్టి, నా మొహం చూసి, ఏదో అడుగుతున్నారనుకుని బొటనవేలు ఎత్తాడు. ఆవిడ భుజాలు కిందికి దిగాయి. మొదటిసారి నవ్వింది.

వాళ్ళని జెట్టీ దగ్గర దింపేసి మేమిద్దరం డింగీలో వస్తుంటే నాన్న అన్నాడు, "పొద్దున్నే పెద్ద స్పానరు అట్టుకెళ్ళాలి. ఆ పట్టీలు విప్పి సూడకపోతే నాకు నిద్రట్టదు. ఆయమ్మ సరైన సంగతే అడిగింది."

నేను ఆవిడకి నిన్న అనేశాను. చెప్పాలి. చెబితే ఆవిడకి ఫోన్ చెయ్యమంటాడు. ఫోన్లో నేను ఎవరితోనూ మాట్లాడలేను. రేపు విప్పుతాడు, బాగుంటాయి, అప్పుడు నేనన్నది అబద్ధం కాకుండా పోతుంది అనుకున్నాను. ఇంటికొచ్చి డైరీలో రెండు పేజీలు రాశాను, కల్ గురించి, క్రియ గురించి, ఆవిడ నవ్వు గురించి. తెలుగు చదవడం, రాయడం నాకు మా నాయనమ్మ చర్చి పాటల పుస్తకం పట్టుకుని నేర్పింది. మా ఇంట్లో ఇప్పుడది వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఎవరూ చదవలేని డైరీలో రాసేసరికి చెప్పేసినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున ఆవిడ నుంచి మెసేజ్. వారం రోజులకి నిన్న రాత్రే బాగా నిద్రపోయానని, ఆ మాట మీ నాన్నగారికి చెప్పమని. నేను దణ్ణం పెట్టే బొమ్మ పంపాను.

నాన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. చేతిలో పేపరు చుట్టిన పలక. అయిదు బాగున్నాయట. ఆరోదానికి బోల్టు కన్నం పక్కన వెంట్రుకంత చీలిక, దాని చుట్టూ టీ మరకలా తుప్పు.

"కెప్టెన్ సాబ్‌కి ఫోన్ చేశాను. వాళ్ళకి చెప్పండీ, పట్టీ పోయిందీ అన్నాను. ఆయన ఏటన్నారో తెలుసా? మొన్ననే విప్పి చూశాననీ, అన్నీ బాగున్నాయనీ నేనే వాళ్ళతో అన్నానట. నాలుగింటికి సంతకాలకి వస్తున్నారట." నా ఎదురుగా కూర్చున్నాడు. "నేనలాగన్నానా?"

"నువ్వు కల్ అన్నావు."

"రేపనే కదా అన్నాను."

"నేను నిన్న అని చెప్పాను."

నాన్న చాలాసేపు అన్నం కలిపాడు, తినలేదు. "పద. చెప్పిన నోటితోనే చెప్పాలి. నేను చెబితే ఇంకో అబద్ధమనుకుంటారు."

వాళ్ళు దిగిన గెస్ట్ హౌస్ వరండాలో ఉన్నారు. ఆయన టేబుల్ మీద సముద్రం మ్యాపు పరిచి పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాడు. దారి పొడుగునా అనుకున్న వాక్యాలన్నీ పోయాయి. నిన్న అని తప్పు చెప్పానని, మా నాన్న అన్నది రేపని, ఇవాళే విప్పాడని, ఒకటి చీలిందని చెప్పాను. నాన్న పేపరు విప్పి పలకని మ్యాపు మీద పెట్టాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి, చీలిక మీద గోరు పెట్టి చూసింది.

"తప్పని నీకెప్పుడు తెలిసింది?"

ఇవాళ అని ఉండొచ్చు. "నిన్న, పడవ దిగాక," అన్నాను.

ఆవిడ సెల్‌ఫోన్ తీసి నా మెసేజ్ చూపించింది. దణ్ణం బొమ్మ. "అయితే ఇది తెలిశాకే పంపావు."

నేను తలూపాను.

"ఒక పలకే కదా, కొత్తది చేయిద్దాం," అన్నాడు ఆయన. "ఆరూ మార్పిద్దాం. ధర తగ్గిస్తారు కూడా."

"పలకలు మారుస్తాం," అంది ఆవిడ. కోపం లేదు, అలసట ఉంది. "మిగతావన్నీ? ఇంజనుందీ, చుక్కానుందీ. నిన్నంతా ఇరవై సంగతులు అడిగాను. ఇరవై జవాబులూ ఈ అమ్మాయి నోటి నుంచే విన్నాను. ఇప్పుడు వాటిలో దేన్ని నమ్మాలి?"

ఆయన పెన్సిల్ పక్కన పెట్టి మ్యాపు నెమ్మదిగా మడిచాడు. పలక నాన్నకి ఇచ్చేశారు. నాన్నకి ఇంగ్లీషు అర్థం కాకపోయినా మడత అర్థమైంది. "సారీ మేడమ్," అన్నాడు. అది ఆయన చెయ్యని తప్పు.

ఆటోలో నన్ను తిట్టలేదు. హాడో మలుపు తిరిగాక అన్నాడు, "డింగీలో పావుగంట ఉన్నాం. మనిద్దరమే. నాక్కూడా చెప్పలేవా?"

సిగ్గు అంటే మెత్తని గుణం అనుకునేదాన్ని, పుస్తకాలు చదివే పిల్లలకి ఉండేదని. నా సిగ్గు ఒక రాత్రీ ఒక పూటా ఇద్దరు మనుషుల్ని చీలిన పలక మీద నిశ్చింతగా కూర్చోబెట్టింది.

కెప్టెన్ గారికి నేనే వెళ్ళి చెప్పాను. విన్నారు. "విప్పి చూశానని వాళ్ళతో అన్నాడని విని, మీ నాన్న అబద్ధమాడాడని నేనూ ఒక పూట నమ్మాను బేటా," అన్నారు. దాని తర్వాత ఆయన నాన్నకి ఫోన్ చేసినప్పుడు మాటలు ఎక్కువగా ఉంటున్నాయి. చెప్పినదాన్ని రెండోసారి అడుగుతున్నారు. నాన్న రెండోసారీ చెబుతున్నాడు.

పలక కొత్తది చేయించి బిగించాం. ప్రకటన తిరగరాశాను, ఏ పని ఏ రోజున జరిగిందో తేదీతో సహా. పడవ ఇంకా లంగరు మీదే ఉంది. వానలు మొదలయ్యాయి కాబట్టి నాన్న వారానికి రెండుసార్లు వెళ్ళి నీళ్ళు తోడొస్తున్నాడు. నేనూ వస్తానంటే వద్దనడు, రమ్మనీ అనడు.