మాస్టారూ, కాలు!

1987లో తెనాలిలో నా డ్రైవింగ్ స్కూలుకు వచ్చేవాళ్లు రెండు రకాలు. కారు కొన్నవాళ్లు ఒక రకం, కారున్నవాళ్ల దగ్గర పనికి కుదరాలనుకునేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లు పది రోజులు సరదాగా వచ్చి, క్లచ్ తొక్కలేక మోకాలు నొప్పంటూ పదకొండో రోజున డ్రైవర్ని పెట్టుకునేవాళ్లు. రెండోవాళ్లు వానొచ్చినా వరదొచ్చినా మానేవాళ్లు కాదు. పోలయ్య రెండో రకం.

స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. కాలవ దగ్గర ఒక రేకుల షెడ్డు, గోడకి రోడ్డు గుర్తుల పటం, బయట ఒక పాత అంబాసిడర్. ఆ కారుకి డబుల్ కంట్రోల్ పెట్టించాను. నేర్చుకునేవాడి కాళ్ల దగ్గరుండే క్లచ్, బ్రేకు పెడళ్లకు కడ్డీలు కలిపి, ఎడమ సీట్లో కూర్చునే నాకూ అలాంటి జత ఒకటి అమర్చారన్నమాట. నేనిక్కడ తొక్కితే అక్కడ కూడా పెడల్ కిందికి దిగుతుంది. నేర్చుకునేవాడు గాభరాపడి ఏ గేదె మీదికో పోనిస్తుంటే మా ఇద్దరినీ, ఆ గేదెనీ కాపాడేది అదే.

ఇక నా సంగతి. పుట్టుకతోనే నిలకడ లేని మనిషిని. ఆ పైన ఈ వృత్తి. భోజనానికి కూర్చున్నా నా కుడికాలు నేలని నొక్కుతూనే ఉండేది. "ఎదురుగా గోడ తప్ప ఏం లేదండీ, బ్రేకు వెయ్యక్కర్లేదు, తినండి" అనేది మా ఆవిడ. బస్సులో ముందు సీట్లో కూర్చుంటే దిగేసరికి పిక్కలు పట్టేసేవి. ఇదంతా జాగ్రత్త అనుకునేవాణ్ణి, జబ్బని తెలియదు.

పోలయ్యది రేపల్లె దిగువన సముద్రపు ఒడ్డు పల్లె. ముప్పై అయిదు దాటిన మనిషి, పదిహేనేళ్లుగా ఇంజను పడవకి సరంగు, అంటే చుక్కాని పట్టి పడవ నడిపేవాడు. పొద్దున్నే రేపల్లె పాసింజరులో తెనాలి వచ్చి, నేను షెడ్డు తాళం తీసేసరికి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ ఆసామి ఒకాయన, "వచ్చే పౌర్ణమిలోగా లైసెన్సు తెచ్చుకో, నా కారు తాళాలు నీకే ఇస్తా" అన్నాడట. అటు పడవ యజమాని కూడా అదే పౌర్ణమి గడువు పెట్టాడు. ఆ మర్నాడు పడవ సముద్రంలోకి వెళుతుంది, వస్తే రా, రాకపోతే ఇంకో సరంగుని చూసుకుంటానన్నాడు. చేతిలో అయిదు వారాలున్నాయి.

"పడవ మీద ఏం కష్టమొచ్చిందయ్యా?" అని అడిగాను.

"మా ఆడమనిషి ఒద్దంటందండి" అన్నాడు.

మొదటి రోజు సంగం జాగర్లమూడి వైపు కాలవ గట్టు రోడ్డు మీదికి తీసుకెళ్లాను. ఎడమ పక్కన కాలవ. బండి కాస్త ఎడమకి లాగుతోందని "కుడికి తిప్పు" అన్నాను. ఇంకా ఎడమకి తిప్పాడు.

"కుడికయ్యా! కుడికి!"

"కుడికేగదండీ పోనిస్తన్నా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. ముందు చక్రం నీళ్లకి మూరెడు దూరంలో ఆగింది. పోలయ్య మాత్రం తొణకలేదు. "చుక్కాని కర్ర ఎడమకి నెడితేనే గదండీ పడవ కుడికి పోయేది" అన్నాడు.

"ఇది పడవ కాదు నాయనా. నువ్వెటు తిప్పితే అటే పోద్ది."

"అంత తేలికా అండీ?" అని ఆశ్చర్యపోయాడు.

ఆ అలవాటు రెండు రోజుల్లో పోగొట్టుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి నా కాలు పెడల్ని వదిలితే ఒట్టు.

తక్కినవన్నీ చకచకా పట్టేశాడు. మా పనిలో హాఫ్ క్లచ్ అని ఒకటుంది. క్లచ్‌ని సగం వదిలి, బండి కదలబోతూ సన్నగా వణికే చోట పాదాన్ని బిగబట్టాలి. తొందరపడితే ఇంజను ఆగిపోతుంది. చాలామందికి అది రావడానికి రెండు వారాలు పడుతుంది. చెప్పులు విడిచి, ఉత్త అరికాలితో తొక్కే పోలయ్యకి మూడో రోజుకే వచ్చింది. "ఇంజను ఊపిరి కాలికి తెలిసిద్దిగదండీ" అనేవాడు. అన్నిటికన్నా నాకు నచ్చింది అతను బండి ఆపే తీరు. "ఆపు" అనగానే యాక్సిలరేటరు వదిలి, గేరుని న్యూట్రల్‌లోకి తెచ్చి, అంటే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెంచి, పాదం బ్రేకు మీద ఆనించి తాపీగా ఎదురు చూసేవాడు. బండి వెన్నలాగా ఆగేది. ఇంత మెత్తగా బ్రేకు వేసేవాణ్ణి నా సర్వీసులో చూడలేదని షెడ్డుకొచ్చిన ప్రతివాడి దగ్గరా డప్పు కొట్టాను.

టెస్టు బాపట్లలో, బుధవారం పూట. బ్రేక్ ఇన్‌స్పెక్టరు, అంటే బండ్లనీ డ్రైవర్లనీ పరీక్షించే ఆఫీసరు, పట్టింపు మనిషి. నేర్పినవాణ్ణి బండి ఎక్కనిచ్చేవాడు కాదు. ముందు ఎడమ సీటు ఖాళీగా ఉంచి తను వెనక కూర్చునేవాడు. నేను మైదానం అంచున కాలు గాలిన పిల్లిలాగా తిరుగుతున్నాను. పోలయ్య ఎనిమిది అంకె ఆకారంలో బండిని నిక్షేపంగా తిప్పాడు. రివర్సు కూడా అయింది. "అక్కడ ఆపు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పోలయ్య న్యూట్రల్ చేశాడు. ఎదురు చూశాడు. మైదానం కాస్త వాలుగా ఉంది. బండి ఆగలేదు. "ఆపు, ఆపు" అని కేకలు వినిపిస్తున్నాయి. బండి అలా మెల్లగా, పెళ్లివారి ఊరేగింపులాగా పోయి, నిలబెట్టి ఉన్న ఇన్‌స్పెక్టరు గారి స్కూటర్ని పడగొట్టి, వేపచెట్టుకి ఆనుకుని ఆగింది.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. "బ్రేకు ఏమైందయ్యా? నిద్రపోయావా? నా పరువంతా కాలవలో కలిపావు గదా!" అని నలుగురిలోనూ కడిగేశాను.

పోలయ్య తల ఎత్తలేదు. "కాలు పెట్టే ఉంచానండీ మాస్టారూ. అది దిగలా" అన్నాడు.

"అది దిగడమేంటయ్యా, నువ్వు దించాలి!"

ఇన్‌స్పెక్టరు స్కూటరు తుడుచుకుంటూ, వచ్చే బుధవారం రమ్మన్నాడు. పౌర్ణమి ఆ వెంటనే వచ్చే శుక్రవారం.

తిరుగు ప్రయాణంలో నేనే బండి నడిపాను. పోలయ్య నా చోట, ఎడమ సీట్లో కూర్చున్నాడు. పొన్నూరు దాటాక, నేను అడక్కుండానే మొదలుపెట్టాడు.

"మా ఆడమనిషి తమ్ముడు నా పడవ మీదే ఉండేవాడండి. పోయినేడు వల లాగతా జారి పడ్డాడు. ఇంజను ఆపానండి. ఇంజను ఆగింది గానీ పడవ ఆగలా. పోతానే ఉంది. నీళ్లల్లో ఆపడం అనేది ఉండదుగదండీ. తిప్పుకుని వచ్చేతలికి మనిషి లేడు." ముందున్న పెడల్ మీద పాదం ఆనించి, "కారుకి బ్రేకు ఉంటదంటే, అందుకేనండీ వచ్చింది. ఇయ్యాల ఇది కూడా ఆగలా" అన్నాడు.

అంతలో ఎదురుగా గడ్డిబండి అడ్డమొచ్చి బ్రేకు తొక్కాను. పోలయ్య ఉలిక్కిపడ్డాడు.

"మాస్టారూ, ఇది దిగింది."

"ఏంటి దిగింది?"

"నా కాలి కింద తొక్కుడండీ. నేర్చుకునేటప్పుడు కూడా ఇట్టాగే దానంతటదే దిగేది. ఆపాలనుకుంటే అదే దిగిద్ది కాబోలు, కారు సంగతి ఇంతే కాబోలు అనుకున్నా."

తల మీద ఎవరో మొట్టినట్టయింది. నెల రోజులుగా, "ఆపు" అన్న మాట నా నోట్లోంచి రాకముందే నా కాలు బ్రేకు తొక్కేస్తోంది. అతను పడవని ఒడ్డుకి చేర్చినట్టు ఇంజను తగ్గించి ఎదురు చూస్తుంటే, బండిని ఆపింది నేను. నేను డప్పు కొట్టుకున్న ఆ వెన్నలాంటి బ్రేకు నాదే!

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నలుగురిలో తిట్టిన నోటితో తప్పు నాదని అనడానికి అహం అడ్డొచ్చింది. "వచ్చే వారం చూద్దాంలే" అని గొణిగి, అతన్ని స్టేషను దగ్గర దించేశాను.

మర్నాడు పోలయ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పాసింజరు కూత వినపడినప్పుడల్లా వీధిలోకి వచ్చి చూడడం, మళ్లీ లోపలికి పోవడం. ఇంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి పట్టుకుంది. నా దగ్గర నేర్చుకుని, ఎలాగో టెస్టు గట్టెక్కి, బ్రేకు సరిగా తెలియకుండా రోడ్ల మీద తిరుగుతున్నవాళ్లు ఎంతమందో!

మూడో రోజు పాసింజరుకి ఒకావిడ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. పోలయ్య భార్య ఆదిలక్ష్మి.

"బాబుగారూ, ఒక్క మాట అడిగి పోతాను. మా ఆయనకి కారు వచ్చిద్దా, రాదా? రాదంటే రాదని చెప్పండి. పొద్దుట్నించి వలలు సర్దుకుంటన్నాడు. నేల నాకు అచ్చిరాదే, తన పరువు కాలవలో కలిపానని మాస్టారే అన్నారు అంటన్నాడు. నా తమ్ముణ్ణి పోగొట్టుకున్నా. ఈయన్ని కూడా పంపమంటారా?"

ఇక దాచలేకపోయాను. "ఆయనకి బాగానే వచ్చమ్మా. తప్పు నాది" అని కారు దగ్గరికి తీసుకెళ్లి, రెండు జతల పెడళ్లూ చూపించి, ఒకటి తొక్కితే రెండోది దిగడం చూపించి, జరిగిందంతా చెప్పాను. ఆవిడ పెడళ్ల వంక చూసింది, నా కాళ్ల వంక చూసింది.

"అంటే ఇన్నాళ్లూ మీరు తొక్కి, ఆయన్ని తిట్టారా?"

"అవునమ్మా."

"అయితే ఆ కాలు కట్టేసుకోండి. రేపు ఆయన్ని తీసుకొస్తా. నేను కూడా ఎక్కుతా, మీ కాలు ఏం చేసిద్దో చూస్తా."

అన్నంత పనీ చేసింది. పోలయ్యతో, "తిట్టింది తప్పయ్యా, ఏమీ అనుకోకు" అన్నాను. "అట్టాంటియ్యి ఎందుకులెండి" అంటూ సిగ్గుపడిపోయాడు. నేను ఎడమ సీట్లో కాళ్లు పైకి పెట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చూసేవాళ్లకి కారులో పురాణం చెబుతున్న పంతులుగారిలాగా ఉన్నాను కాబోలు. నా అవస్థ ఆ భగవంతుడికే తెలియాలి. మలుపు వస్తే చాలు, కుడికాలు దానంతటదే కిందికి జారేది. జారీ జారకముందే వెనక సీట్లోంచి కేక: "మాస్టారూ, కాలు!" సర్దుకుని మళ్లీ మడిచేవాణ్ణి. మొదటి రోజు ఆవిడ ఎన్నిసార్లు అరిచిందో లెక్కలేదు. పోలయ్య కూడా అలవాటు చొప్పున న్యూట్రల్ చేసి ఎదురు చూసేవాడు. బండి ఆగకపోయేసరికి ఉలిక్కిపడి తొక్కేవాడు. ముగ్గురం పోయి డాష్‌బోర్డుకీ సీట్లకీ గుద్దుకునేవాళ్లం.

మంగళవారం, అంటే టెస్టుకి ముందు రోజు, మళ్లీ అదే కాలవ గట్టు రోడ్డు. నీళ్లు తాగి గట్టెక్కిన గేదెలు ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చాయి. వాటి వెనక తువ్వాలు భుజాన వేసుకుని ముసలాయన ఒకడు, మా వంక చూడనైనా చూడకుండా అడ్డం పడ్డాడు. రెండు చేతులతో పాదాలు పట్టుకున్నాను. ఆవిడ అరవలేదు, నేనూ అరవలేదు. కళ్లు మూసుకున్నానని ఒప్పుకుంటాను.

బండి ఆగింది.

కళ్లు తెరిచేసరికి ముసలాయన బానెట్‌కి బారెడు దూరంలో నిలబడి, "ఏంటబ్బాయ్, హారను లేదా బండికి?" అంటున్నాడు. పోలయ్య రెండు కాళ్లూ పెడళ్ల మీద నొక్కిపెట్టి, స్టీరింగ్ వదలకుండా కూర్చున్నాడు.

"ఆగిందే" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "చూశావా, ఆగింది."

"చూశాలే" అంది ఆదిలక్ష్మి. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. గేదెలన్నీ దాటిపోయాక కూడా పోలయ్య బ్రేకు మీది కాలు తియ్యలేదు. తియ్యమని నేనూ తొందరపెట్టలేదు. నా జీవితంలో నేను తొందరపడని సందర్భం బహుశా అదొక్కటే.

మర్నాడు బాపట్లలో ఇన్‌స్పెక్టరు ముందుజాగ్రత్తగా తన స్కూటర్ని ప్రహరీ అవతల పెట్టించాడు. ఆ అవసరం రాలేదు. పౌర్ణమి నాటికి ఐసు ఫ్యాక్టరీ కారు తాళాలు పోలయ్య మొలతాడుకి వేలాడుతున్నాయి.

ఆ తర్వాత నేను రెండు పనులు చేశాను. పాత రిజిస్టరు తీసి, ఊళ్లో దొరికిన పాత శిష్యులందరినీ పిలిపించి, నేను దూరంగా నిలబడి ఒక్కొక్కరి చేతా బండి ఆపించాను. కొందరు నవ్వారు. ఇద్దరు మాత్రం ఆపలేక తెల్లమొహం వేశారు, వాళ్లకి మళ్లీ మొదటి నుంచీ నేర్పాను. రెండోది, చివరి వారం రోజులూ ఎవరికి నేర్పినా వెనక సీట్లోనే కూర్చునేవాణ్ణి. ప్రమాదం కాదా అని అడిగేవాళ్లు. ప్రమాదమే. కానీ ఎదుటివాడి బ్రేకు నేనే వేసేస్తూ, వాడికి వచ్చేసిందని మురిసిపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదమని నాకు బాపట్లలో తెలిసొచ్చింది. నేర్పేవాడికి ముందు తన కాలు మడుచుకోవడం రావాలి. నాకది పూర్తిగా వచ్చిందని ఇప్పటికీ చెప్పలేను.

1994లో ఒక పెళ్లికని రేపల్లె వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు పోలయ్య తెనాలిలో దింపుతానని పట్టుబట్టి ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. కాళ్లకి చెప్పులు లేవు, అప్పట్లాగే. ఊరు దాటగానే ఒక మేక రోడ్డుకి అడ్డం దూకింది. నా కుడికాలు దభీమని నేలని తన్నింది. అక్కడ పెడల్ లేదు, ఏమీ లేదు.

పోలయ్య రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. నవ్వాపుకుంటూ, "మాస్టారూ, కాలు" అన్నాడు.

బండి అప్పటికే ఆగి ఉంది.