మేకు పడని గోడలు

కాంక్రీటును ప్రేమించే మనిషి గుండె కూడా కాంక్రీటే అయి ఉంటుందని మా వీధిలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. అభిప్రాయాలు స్థిరపడటానికి ఆధారాలు అవసరం లేదు గాని, దీనికి మాత్రం ఒక ఆధారం ఉండేది. ఆ ఆధారం పేరు ఎడ్వినా ఓట్‌వే. ఏ గోడ కనిపించినా వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వినటం ఆవిడ అలవాటు.

నలభై ఏళ్ళు పియానోలు శ్రుతి చేసి బతికిన మనిషి కనుక ఆ చెవికి ఒక అధికారం ఉండేది. బ్యాంకు వరుసలో నిలబడి గోడ తట్టేది. పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని పడుకుని కూడా, చెయ్యి చాపి గోడ తట్టిందట. మా ఇంటికి మొదటిసారి టీకి వచ్చినప్పుడు, కప్పు అందుకోకముందే వంటింటి గోడను తట్టి, "పాపం, దీని లోపల ఏమీ లేదు నాయనా," అని నన్ను ఓదార్చింది. అంతవరకూ నాకు ఆ గోడ మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఆవిడ ఇల్లు మా పక్కదే. విక్టోరియా రాణి కాలంలో ఒక సిమెంటు వ్యాపారి, తన సరుకు మీద తనకే నమ్మకముందని లండనుకు చూపించటానికి, పలకల మధ్య కాంక్రీటు పోసి కట్టుకున్న ఇల్లు. కట్టాక ధైర్యం చాలక, పైపూతలో గీతలు గీయించి, రాళ్ళు పేర్చినట్టు కనిపించేలా చేశాడు. నూట యాభై ఏళ్ళుగా దారిన పోయేవాళ్ళు అది రాతి ఇల్లనే అనుకుంటున్నారు. ఒకే ముద్దగా పోసినది అనేకంగా నటించటానికి తత్త్వశాస్త్రంలో ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. ఓట్‌వే మాత్రం దాన్ని సిగ్గు అనేది. "రాయిని కాలేదే అని దానికి సిగ్గు. తీరా చూస్తే రాయికన్నా గట్టిది, పిచ్చిది."

ఆ ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. అందువల్ల గోడకు మేకు కొట్టటం కూడా నేరమని ఆవిడ వాదన. చట్టం అంత కఠినమేమీ కాదు; ఆవిడ చదివిన తీరు కఠినం. ఇక వీధిలో ఎవరు ఏ కిటికీ మార్చాలన్నా, దీపస్తంభానికి పురపాలక సంఘం నోటీసు కట్టటమూ, ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పటానికి ఇరవై ఒక్క రోజులు గడువివ్వటమూ ఆచారం. ఓట్‌వేకు ఒక్క రోజు చాలేది. నా కిటికీకి అభ్యంతరం, చర్చి పొగగొట్టానికి అభ్యంతరం, ఎవరిదో కుక్క దూరటానికి తలుపులో పెట్టబోయిన చిన్న తలుపుకు మూడు పేజీల అభ్యంతరం.

ఈ గోడల మహత్తును దగ్గరగా అనుభవించినవాడు ఆవిడ ఇంటి పైఅంతస్తులో ఇరవై ఆరేళ్ళుగా అద్దెకున్న ఎగ్బర్ట్ సామ్యూల్స్. జమైకా నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు లండను బస్సు నడిపి విశ్రమించినవాడు. ఆయన భార్య ఐసిల్డా పోయి ఆరేళ్ళయింది. గోడకు మేకు కొట్టే భాగ్యం లేక ఆమె ఫొటోను తనకున్న ఒక్క మంచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరైనా వెళితే, "అందులో ఐసిల్డా ఉంది, నువ్వా పెట్టె మీద కూర్చో," అనేవాడు.

"ఒక్క మేకు చాలమ్మా. చిన్నది," అని ఏటా క్రిస్‌మస్‌కు అడిగేవాడు.

"పళ్ళ డాక్టరు సూది నీకెప్పుడైనా చిన్నదిగా కనబడిందా, సామ్యూల్స్?" అని ఆవిడ ఏటా అదే జవాబు చెప్పేది.

పోయిన వసంతంలో సామ్యూల్స్ మోకాళ్ళు మొండికేశాయి. మెట్లకు పట్టుకునే కమ్మీ లేదు. నదికి అవతల, ఎవరూ తెలియని పేటలో, నేలమీది ఇల్లు ఒకటి ఇస్తామని పురపాలక సంఘం రాసింది. నెలాఖరు శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. కమ్మీ వస్తే ఉండిపోతాడు, రాకపోతే వెళ్ళిపోతాడు. ఆ సంగతి విని ఓట్‌వే మెట్ల గోడను కింది నుంచి పైదాకా తట్టుకుంటూ వెళ్ళింది.

మర్నాడే ఆవిడ దరఖాస్తు పెట్టింది. నోటీసు దీపస్తంభానికి ఎక్కిన ఉదయం వీధి వీధంతా అక్కడే ఉంది. మెట్ల గోడకు కమ్మీ, ఎనిమిది రంధ్రాలు. అడిగినవారు ఎడ్వినా ఓట్‌వే. జనం ఆ పేరును రెండుసార్లు చదువుకున్నారు. చర్చి ఫాదరు కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. సాయంత్రానికి ఆవిడ గుండె విషయంలో వీధి తన అభిప్రాయం మార్చుకుంది. మూడో రోజు మళ్ళీ మార్చుకోవలసి వచ్చింది. ఆ దరఖాస్తుకు ఒక అభ్యంతరం అందింది, నాలుగు పేజీలది. రాసినవారు ఎడ్వినా ఓట్‌వే.

కట్టడాల అధికారిణి టామ్‌సిన్ ప్రోథెరో స్వయంగా వచ్చింది. సామ్యూల్స్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను ఆయనకు తోడుగా ఉన్నాను.

"అడిగిందీ మీరే, వద్దన్నదీ మీరే. ఇందులో ఏది నిజమండీ?" అంది ప్రోథెరో.

"రెండూనమ్మా. మనిషి పడకూడదని అడిగాను. ఆ రాత్రంతా నిద్రపట్టక గోడను మళ్ళీ తట్టి విన్నాను. ఇక్కడ పోత పలచన. ఎనిమిది చోట్ల తొలిచి కమ్మీ బిగిస్తే, కమ్మీతో సహా వస్తాడు కిందికి."

ప్రోథెరో కూడా తట్టి చూసింది. ఏమీ వినపడలేదని ఆమె ముఖమే చెప్పింది. అయినా రెండు కాగితాల్లో ఒకటి వెనక్కి తీసుకోవాలంది.

"ఇరవై ఆరేళ్ళుగా గోడ మాటే విన్నారు," అన్నాడు సామ్యూల్స్ నెమ్మదిగా. "ఇప్పుడు కొత్తగా నా మాటేం వింటార్లెండి. పెట్టె సర్దుకుంటాను."

ఓట్‌వే తలుపు చట్రాన్ని తట్టబోయి ఆగింది. ఆవిడ తట్టబోయి ఆగటం నేను చూడటం అదొక్కసారే. "శుక్రవారం దాకా ఆగు," అంది.

గురువారం ఉదయం ఆ ఇంట్లో సామాను కదిలింది. ఆయనది కాదు, ఆవిడది. మంచం పైకెక్కింది, పుస్తకాలు ఎక్కాయి. పియానో మాత్రం మెట్ల మలుపులో పట్టక కిందే ఉండిపోయింది. సామ్యూల్స్ మంచం పియానో ఉన్న కింది ముందుగదిలోకి, మెట్టన్నది లేని తోట తలుపు పక్కకు దిగింది.

ఆ గదిలో చలిమంట గూటికి పైన, గోడలో, పోత పచ్చిగా ఉన్నప్పుడు పనివాళ్ళు వదిలేసిన మేకు ఒకటుంది. నలభై ఏళ్ళలో ఆవిడ దానికి క్యాలెండరైనా తగిలించలేదు. "ఇది కొట్టిన మేకు కాదు, గోడతో పుట్టిన మేకు. జాబితాలో ఇదీ ఉంది," అంటూ ఐసిల్డా ఫొటోను తనే తగిలించి, పక్కన రెండుసార్లు తట్టి, చెవి ఆనించింది.

"ఏమంటోంది?" అన్నాడు సామ్యూల్స్.

"బరువేం లేదంటోంది."

జరిగింది ఇంతే. దరఖాస్తునూ అభ్యంతరాన్నీ రెంటినీ వెనక్కి తీసుకుని, డెబ్బై మూడేళ్ళ వయసులో ఆవిడ కమ్మీ లేని మెట్ల పైన రెండు గదులు ఎంచుకుంది. పైగోడలను ఇన్నేళ్ళూ అశ్రద్ధ చేశాననీ, అందుకే వెళ్ళాననీ వీధికి చెప్పింది. సామ్యూల్స్ కుర్చీ ఇప్పుడు ఖాళీ. పియానో శ్రుతి చూడాలంటూ రోజూ పదకొండింటికి కిందికి దిగి, ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుంటుంది.