హసన్‌పర్తిలో పుట్టగొడుగుల కూర

హసన్‌పర్తిలో స్నేహితురాలి ఇంటికి వెళ్లిన రోజు, వాళ్లమ్మ మరియమ్మ గారు చేనుగట్టున పుట్ట మీద మొలిచిన పుట్టగొడుగులు ఏరుకొచ్చారు. విజయవాడలో ప్యాకెట్టువి తప్ప ఎరగని నాకు, ఇవి విషపువేమోనని భయమేసింది.

"ఈ కాడ సూడు బిడ్డా, వేరు లెక్క పుట్ట లోపటికి దిగింది. గిది తినేదే. చిన్నప్పటిసంది ఏరుతాన," అన్నారామె.

ఉల్లిపాయ, కారం వేసి వండి, కంచాల ముందు ప్రార్థన చేశారు. అంత భక్తిగా నేనెప్పుడూ కళ్లు మూసుకోలేదు. తెరిచేసరికి ఆమె తినేస్తున్నారు, అతిథి కంటే ముందే!

"మా ఇంట్ల సుట్టాలే ముందు తింటరు. గీ కూర మాత్రం ఏరినోళ్లే ముందు తినాలె," అని నవ్వి, నాకు వడ్డించారు.

మొదటి ముద్దకే భయం పోయింది. వేట మాంసంలా కమ్మగా ఉంది. మారు అడిగి మరీ వేయించుకున్నాను. పాపం, స్నేహితురాలికి గిన్నె అడుగే మిగిలింది.