ఎడమవైపు పెట్టె

నాకు ఓపిక తక్కువ. అనకాపల్లిలో నన్నెరిగిన వాళ్లెవరినడిగినా ఈ మాటే చెబుతారు. చెప్పులో రాయి పడితే వంగి తీసే ఓర్పు లేక చెప్పే విసిరేసే రకం నేను. అలాంటివాడి ఇంట్లో ఒక స్టీరియో రెండేళ్లు సరిగ్గా పలక్కపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

స్టీరియో అంటే పెద్దదేం కాదు. చిన్న ఆంప్లిఫయరు, రెండు చెక్క పెట్టెల స్పీకర్లు. మునగపాక దగ్గర మా ఊళ్లో చెరకు గానుగ మూసేసి, పట్నంలో ఒక బెల్లం వ్యాపారి కొట్లో సరుకు చూసే పనిలో చేరాక కొనుక్కున్నాను. నాటక పద్యాలంటే నాకు ప్రాణం. నా దగ్గరున్న ఒక రికార్డింగులో పాడేవాడి గొంతు కుడి పెట్టెలోంచి వస్తుంది, హార్మోనియం ఎడమ పెట్టెలోంచి వస్తుంది. మొదట్లో బాగానే వచ్చేది. రానురాను ఆ హార్మోనియం పక్కింట్లో ఎవరో తలుపులేసుకుని వాయిస్తున్నట్టు మూలగడం మొదలుపెట్టింది.

ఎవరికైనా చూపిద్దామని అనుకోలేదు. ఫోనులో వీడియోలు చూశాను. సన్న వైరు సిగ్నలు తినేస్తుందన్నారు. లావుపాటి రాగి వైరు తెచ్చి బిగించాను. మార్పు లేదు. ఎడమ పెట్టె కుడివైపుకి, కుడి పెట్టె ఎడమవైపుకి మార్చాను. అప్పుడూ ఎడమవైపే మందం. అయితే పెట్టెలో తప్పులేదు, ఆంప్లిఫయరులోనే ఉందని తేల్చేసి, సెకండ్ హ్యాండులో ఇంకోటి తెచ్చాను. అదీ అంతే. దాంతో కిటికీ మీద పడ్డాను. ఎడమవైపు కిటికీలోంచి శబ్దం వీధిలోకి పోతోందని దానికి పాత పరుపు అడ్డం కట్టాను. ఇంట్లోకి గాలి రావడం మానేసింది గానీ హార్మోనియం రాలేదు.

తర్వాత చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. తేలికైన బల్ల మీద పెడితే పెట్టెలు వణుకుతాయి, బరువైన దాని మీద పెట్టాలని ఒక వీడియోలో చెప్పారు. ఇనప స్టాండ్ల ధర వింటే కళ్లు తిరిగాయి. బెల్లం కొట్లో పనిచేసేవాడికి బరువుకి కొదవేమిటి? రంగు నల్లబడి ఎవరూ కొనని దిమ్మలు నాలుగు ఆటోలో వేసుకొచ్చి, గోనె చుట్టి, పెట్టె కింద రెండేసి చొప్పున పేర్చాను. నిజం చెప్పొద్దూ, రెండు రోజులు బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. మూడో రోజు వాన పట్టింది. బెల్లం చెమర్చి గోనె తడిసింది. నాలుగో రోజుకి ఎడమ పెట్టె వెనకున్న కన్నంలోకి చీమలు బారులు తీరాయి. చిన్నప్పట్నుంచీ బెల్లం వండినవాణ్ణి, వానాకాలం బెల్లం నీరు కారుతుందని నాకు తెలియదా? తెలుసు. ఆలోచించడానికి ఆగితే కదా!

మా ఆవిడ ఏమీ అనలేదు. చీమలమందు డబ్బా తెచ్చి దిమ్మల చుట్టూ గీత గీసి వంటింట్లోకి వెళ్లిపోయింది. పాత రోజుల్లో అయితే, "ఓలమ్మో! బెల్లానికి పాటలు ఇనిపిత్తన్నాడమ్మా ఈ మనిసి!" అని నాలుగిళ్లకి వినపడేలా అరిచి, తనే పడీపడీ నవ్వేది. ఆ అరుపు కోసం నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంట్లో మాటలు లేక అప్పటికి ఏడాది దాటింది. కె. కోటపాడులో మా ఆవిడ అన్నయ్య ఉండేవాడు. నాకు బావ, సరసమాడితే వదిలిపెట్టని మనిషి. ఆయనకి జబ్బు చేసింది. చేసిందని నాకు తెలియదు. ఒక పొద్దుట ఫోనొచ్చింది, పోయాడని. నేను లబలబలాడుతూ, "జబ్బు సేసిందని నాకో మాటైనా సెప్పలేదేటే!" అన్నాను. మా ఆవిడ నావైపు చూసిన చూపు చచ్చినా మర్చిపోను.

"సెప్పలేదా? మొన్న సాయంత్రం సాప మీద మీ పక్కనే కూకుని సెప్పేను. అన్నయ్యకి బాగోనేదంట, రేపు ఎల్దామా అన్నాను. ఆఁ అన్నారు. ఆ ఆఁ అన్న మాట పట్టుకుని రెండ్రోజులు సూసేను."

"నువ్వు సెప్పలేదు," అన్నాను.

"సెప్పేను."

"అబద్ధం!"

ఆ మాట అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోలేదు కూడా. అప్పట్నుంచి మా ఆవిడ నాతో అన్నం, నీళ్లు, కరెంటు బిల్లు తప్ప మాట్లాడలేదు. ఇంట్లో మాట తగ్గినకొద్దీ నాకు పెట్టెల పిచ్చి ముదిరింది. వైరు మారుస్తాను, స్క్రూ బిగిస్తాను, లేస్తాను, కూర్చుంటాను. ఆ హార్మోనియం ఒక్కటి సరిగ్గా పలికితే అన్నీ సర్దుకుంటాయన్నట్టు దాని వెంట పడ్డాను.

చివరికి చీమలు పట్టిన పెట్టె పట్టుకుని రిపేరు భాయ్ దగ్గరికి వెళ్లాను. వాళ్ల నాన్న కాలం నుంచీ పెళ్లిళ్లకి మైకు సెట్లు బాగుచేసే కుటుంబం వాళ్లది. భాయ్ పెట్టె విప్పి, చీమలు దులిపి, వాయించి చూసి, "దీనికేటీ అవలేదు మామా," అన్నాడు. నాకు మండింది. "అయితే నాను పిచ్చోడినా?" అన్నాను. భాయ్ నవ్వి, మార్కెట్టు సెలవు రోజున ఇంటికే వస్తానన్నాడు.

చెప్పినట్టే మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు. ముందు దిమ్మలు తీయించి, పెట్టెలు రెండూ మామూలు స్టూళ్ల మీద పెట్టించాడు. పద్యం పెట్టాం. ఒక పెట్టె ముందు కాసేపు, ఇంకో పెట్టె ముందు కాసేపు గొంతుక్కూర్చుని విన్నాడు. తీగలు మార్చి మళ్లీ విన్నాడు.

"రెండూ సమానంగానే ఉన్నాయి," అన్నాడు.

"సమానమేటి భాయ్! హార్మోనియం ఎక్కడుంది? నీకు ఇనపడతందా?"

"సుబ్బరంగా ఇనపడతంది."

"నాకు ఇనపడదేటి మరి?"

భాయ్ నా మొహంలోకి ఒక నిమిషం చూశాడు. తర్వాత మెల్లిగా, "కుర్సీ ఎనక్కి తిప్పి, గోడవైపు మొహం పెట్టి కూకో మామా," అన్నాడు. ఇదేం వేళాకోళమనుకుంటూనే కూర్చున్నాను. పద్యం మళ్లీ మొదలైంది.

హార్మోనియం! ఒక్కొక్క మెట్టూ విడివిడిగా, వాయించేవాడు తిత్తి నొక్కిన ఊపిరితో సహా వినిపించింది. నేను కుర్చీలోంచి ఎగిరి, "సూసేవా! ఇప్పుడు పలికింది! ఏటి సేసేవు భాయ్?" అని అరిచాను.

"నానేటీ సెయ్యలేదు మామా," అన్నాడు భాయ్. "పద్యం ఇనపడతందా మరి?"

అప్పుడు గమనించాను. పాడేవాడి గొంతు పక్కింట్లోకి పోయింది.

భాయ్ పాట ఆపేశాడు. నేను వేలితో కుడిచెవి మూసుకున్నాను. "ఏదైనా అను," అన్నాను. అతని పెదవులు కదిలాయి. నాకు ఫ్యాను చప్పుడు కూడా వినపడలేదు.

గానుగ దగ్గర గడలు పెట్టేవాడు కూర్చునే చోటు ఒక్కటే. కుడిచేతి వైపు చెరకు మోపు, ఎడమచేతి వైపు ఇంజను. కుడిచేత్తో గడ అందుకుని పెట్టాలి గనక ఎవరు కూర్చున్నా అలాగే కూర్చోవాలి. మా నాన్న అలాగే కూర్చున్నాడు, నేనూ కూర్చున్నాను, సీజనంతా పొద్దస్తమానం ఆ ఇంజను ఎడమచెవి పక్కనే కొట్టుకునేది. మా ఊళ్లో పెద్దవాళ్లు ఎవరైనా మాట్లాడితే తల తిప్పి కుడిచెంప ముందుకు పెట్టి వింటారు. చిన్నప్పుడు నేను అది పెద్దమనిషి తరహా అనుకునేవాణ్ణి. నాకూ ఎప్పుడొస్తుందా ఆ తరహా అనుకునేవాణ్ణి.

భాయ్ తన సంచి సర్దుకుని, విశాఖలో చెవి డాక్టరుకి చూపించుకోమని చెప్పి, ఇచ్చిన డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడు. నేను కుర్చీ మళ్లీ పెట్టెలవైపు తిప్పుకుని కూర్చున్నాను. మా చాప ఎప్పుడూ పరిచే చోటు గుర్తొచ్చింది. పెట్టెలకి ఎదురుగా కూర్చుంటే వంటింటి గుమ్మం ఎడమవైపు. పొయ్యి మీద ఏదుందో చూసుకోవడానికి వీలుగా ఉంటుందని మా ఆవిడ కూర్చునేదీ ఎడమవైపే. ఆ సాయంత్రం పద్యం మోగుతోంది. ఏదో అన్నట్టు అలికిడి తెలిసి ఉంటుంది. మళ్లీ చెప్పమని అడగడానికి ఓపిక లేక ఆఁ అని ఉంటాను. అంతకు ముందు ఎన్నిసార్లు అలా ఆఁ అన్నానో దేవుడికే తెలియాలి. చెవి పోవడం నా తప్పు కాదు. ఆ ఆఁ మాత్రం నాదే.

మా ఆవిడ వంటింట్లోంచి అంతా వింది. వచ్చి, ఎప్పటిలాగే గుమ్మం పక్కన, నా ఎడమవైపు కూలబడింది. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తూ ఏదో అంది. నా నోట్లోకి ఆఁ వచ్చేసింది. మింగాను.

మొత్తం తల తిప్పి, కుడిచెంప ముందుకు పెట్టి, "ఇనపడలేదే," అన్నాను. "నీ మాట నాకు ఇనపడలేదు. మళ్లీ సెప్పు."

మా ఆవిడ వేలికి చుట్టిన కొంగు విప్పింది. తర్వాత లేచి, కుర్చీ చుట్టూ తిరిగి కుడివైపుకొచ్చి కూర్చుంది. "అన్నయ్యకి బాగోనేదంట," అంది. "రేపు ఎల్దామా?"