ఇరవై అడుగుల ముందు

పెళ్లయిన ముప్పై ఏళ్లలో మేమిద్దరం కలిసి వెళ్లి చూసిన ప్రతి కొండనూ, ప్రతి సముద్రాన్నీ నేను మా ఆయన వీపు వెనక నుంచే చూశాను. ఈ మాట ఎవరికైనా చెబితే నవ్వుతారు. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు కోపంలోనే రాస్తున్నాను. కోపం చల్లారాక రాస్తే ఆయన్ని వెనకేసుకొస్తానేమోనని నా భయం.

మేం తార్నాకలో ఉంటాం. నేను యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఆయన దగ్గర్లోని ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. మాకు పిల్లలు లేరు. దాని గురించి మొదట్లో ఏడ్చాం, తర్వాత ఏడవడం మానేశాం. ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఎటైనా వెళ్లి నాలుగు రోజులు తిరిగి రావడం అలవాటు చేసుకున్నాం. చలి ఆయనకు పడదు, పిక్కలు పట్టేస్తాయి. కాబట్టి ఎప్పుడూ ఎండ కాసే ఊళ్లే. నాకు ఒక్కసారి మంచు చూడాలని ఉండేది. చెప్పాను కూడా. "గాడ ఏమున్నది, చలి తప్ప" అన్నాడు. అంతే, ఆ ముచ్చట అక్కడే ఆగిపోయింది.

పక్కపక్కన నడవడం నాకు తెలియని విషయమేమీ కాదు. పెళ్లికి ముందు ఇదే క్యాంపస్‌లో ఎమ్మే చదివాను. సాయంత్రం హాస్టల్ నుంచి నలుగురం బయలుదేరితే రోడ్డంతా మాదే. వెనక నుంచి సైకిళ్లవాళ్లు బెల్లు కొట్టి కొట్టి విసుక్కునేవాళ్లు. ఒకదానికి చెప్పు తెగితే నలుగురం ఆగేవాళ్లం. ఇందులో గొప్పేముంది? మనుషులు కలిసి నడవడమంటే అదే కదా.

మొదట వెళ్లింది విశాఖపట్నం. కైలాసగిరి మెట్లెక్కుతుంటే కొత్త చెప్పులు ఒరుసుకొని మడమ మీద బొబ్బ లేచింది. "జర ఆగండి" అన్నాను. ఆయన ఆగలేదు. వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, రా రా అన్నట్టు ఊపాడు. నేను చెప్పులు చేతపట్టుకొని ఎక్కాను. పైకి చేరేసరికి ఆయన సముద్రం చూడటం అయిపోయింది.

"మస్తుగున్నది కదా? ఇగ దిగుదాం" అన్నాడు.

కొత్త పెళ్లాం పక్కన నడవడానికి సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకున్నాను. ఆ సిగ్గు చూసి ముచ్చటపడ్డాను కూడా. ఎంత పిచ్చిదాన్ని!

హంపీలో మాతంగ పర్వతం కిందికి వెళ్లగానే "నువ్ గీడనే కూసో. నీతోని కాదు. నేను చూసొస్త" అన్నాడు. నాతో కాదని ఎవరు చెప్పారు? అడగాల్సింది. అడగలేదు. రెండు గంటలు రాతి మీద కూర్చొని, వచ్చేపోయేవాళ్ల కాళ్లు చూశాను. ఇంటికొచ్చాక మా అక్కతో ఫోన్‌లో ఆయనే చెబుతున్నాడు, "ఇద్దరం పైదాక ఎక్కినం వదినా, ఏం గాలి, ఏం గాలి" అని. నేను పక్కనే కూర్చొని ఉల్లిగడ్డలు కోస్తున్నాను. కాదని అనలేదు. ఆ అబద్ధంలో నన్ను కూడా పైకెక్కించాడు కదా అని సర్దుకున్నానేమో, ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే మంట పుడుతుంది.

ఇట్లా ఎన్నో చెప్పొచ్చు. ధనుష్కోటి ఇసుకలో, మహాబలిపురం బండల మధ్య, ప్రతిచోటా అదే. ఆయన ఇరవై అడుగుల ముందు. నేను కొంచెం వేగం పెంచితే ఆయన కూడా పెంచుతాడు. తెలిసి చేస్తాడో తెలియక చేస్తాడో ఏళ్ల తరబడి ఆలోచించాను. ఇప్పుడు ఆ ఆలోచన మానేశాను. రెండింటికీ నాకు ఒక్కటే కోపం.

నిరుడు మార్చి చివర్లో గండికోట వెళ్లాం. ఎండలు ముదిరాయి, వద్దన్నాను. "ఎండకాలమైతే మంది ఉండరు, ఫొటోలు మంచిగొస్తయి" అన్నాడు. జమ్మలమడుగులో బస్సు దిగి, ఆటోలో కోట దగ్గరికి చేరేసరికి పదకొండు కావస్తోంది. రెండు నీళ్ల సీసాలూ, పుచ్చకాయ ముక్కల డబ్బా ఆయన బ్యాగులోనే పెట్టుకున్నాడు. "నీకెందుకు బరువు" అన్నాడు. నిజం చెప్పాలి, ఆ మాటకు సంతోషపడ్డాను.

మసీదు దాటాం, ధాన్యం నిలవచేసిన పాత గిడ్డంగి దాటాం. అక్కడి నుంచి పెన్నా లోయ అంచుకు దారంతా ఎర్ర బండలే. బండ మీద నుంచి సెగ ముఖానికి కొడుతోంది. ఆయన ఫోన్ చేతపట్టుకొని ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి అంగలేసుకుంటూ పోతున్నాడు. నా నాలుక పిడచకట్టుకుపోయింది. "నీళ్లియ్యండి" అని అరిచాను. చెయ్యి లేచింది. రా రా. రెండోసారి అరిచాను. ఈసారి చెయ్యి కూడా లేవలేదు. ఆ తర్వాత ఆయన ఒక పెద్ద బండ చాటుకు మళ్లి కనబడకుండా పోయాడు.

ఫోన్ చేశాను. సిగ్నల్ లేదు. కళ్ల ముందు తెల్లగా మెరుపులు వచ్చాయి. పడిపోతానేమోనని వెనక్కి తిరిగి, గిడ్డంగి గోడ నీడ దాకా దాదాపు పాకుతూ వచ్చాను. అక్కడ వాంతి చేసుకున్నాను. ఆ తర్వాత కొంతసేపు ఏం జరిగిందో నాకు తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఒకామె నా తల కొంగుతో తుడుస్తోంది. కోటలోనే ఉన్న ఊరామె, గొర్రెలు తోలుకొని అటుగా వచ్చిందట. ప్లాస్టిక్ డబ్బాలోంచి నీళ్లు నా నోట్లో కొంచెం కొంచెంగా పోసింది.

"ఒగదానివే వచ్చినావామ్మా?"

"లేదు. మా ఆయన ముందల పోయిండు."

"ముందుకు పోతే? ఎనక్కి తిరిగి సూసుకోడా మనిసి?"

ఆమె మరోసారి నీళ్లు పోసి, గొర్రెలు చెదిరిపోతుంటే లేచి అదిలించి మళ్లీ వచ్చి కూర్చుంది. "నా గొర్రె ఒగటి ఎనకబడితే నాకు తెలుస్తాదమ్మా" అంది. వెక్కిరింతగా అనలేదు, మామూలుగానే అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆయన గంటకు పైగా గడిచాక వచ్చాడు. నన్ను చూసి గాబరాపడ్డాడు, అది కూడా ఒప్పుకుంటాను. కానీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట "నీకు మెల్లగ రమ్మని చెప్పిన కదా" అని. చెప్పలేదు. ఆటో తెప్పించి జమ్మలమడుగులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. సెలైన్ ఎక్కిస్తూ ఆ పెద్దమనిషి "నీళ్లు సరిగ్గా తాగలేదా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు.

"ఈమె నీళ్లు తాగదు సార్. ఎంత చెప్పినా ఇనదు. మీరన్న జర చెప్పండి."

డాక్టరు నాకు నీళ్లు ఎందుకు తాగాలో చెప్పాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నేను మంచం మీద పడుకొని, చేతికి సూదితో, ఆయన ఒడిలో ఉన్న బ్యాగు వైపు చూస్తున్నాను. దాని పక్క జేబులో ఒక సీసా ఖాళీ. రెండోది సగం ఉంది. కాసేపటికి ఆయన ఫోన్ నా ముఖం ముందు పెట్టి "చూడు, లోయ ఎట్లొచ్చిందో" అన్నాడు. కళ్లు మూసుకున్నాను. నిద్రపోయాననుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఎండదెబ్బ వల్ల అనుకున్నాడు.

తార్నాక వచ్చాక ఈ సంగతి ఆయనకు ఒక కథ అయింది. లిఫ్టు దగ్గర, పాల బూత్ దగ్గర, "మా మేడం గండికోటల ఫ్లాటయింది" అని మొదలుపెట్టేవాడు. ప్రతిసారీ కథ పెరిగేది. ఒకసారి ఆయనే నన్ను ఎత్తుకొని ఆటో దాకా మోసుకొచ్చాడు. గొర్రెలామె కథలోనే లేదు.

రోజూ పొద్దున్నే మేం క్యాంపస్‌కు నడకకు పోతాం. ఒక ఆదివారం ఆయన పాత సహోద్యోగి ఒకాయన అడిక్‌మెట్ వైపు నుంచి వచ్చి కలిశాడు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తున్నారు. గమనించండి, స్నేహితుడితో పక్కపక్కన! నేను వెనక. చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు అప్పటికే పుస్తకాలు పరుచుకొని కూర్చున్నారు. మా ఆయన గొంతు వినబడుతోంది. "నీళ్లు తాగదన్నా ఈమె, గదే సమస్య." ఇద్దరూ నవ్వారు.

నేను నడవడం ఆపేశాను.

"ఏయ్! రెండు సీసాలు నీ వీపు మీదనే ఉండె. గది చెప్పు!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పుస్తకాల్లోంచి తలలు లేచాయి. ఇద్దరూ వెనక్కి తిరిగారు. ముప్పై ఏళ్లుగా ఆయన్ని 'మీరు' అని పిలిచినదాన్ని, 'నువ్వు' ఎప్పుడు నోట్లోకి వచ్చిందో గమనించనే లేదు.

"ఊకో. అందరు చూస్తున్నరు."

"చూడనీ. నీళ్లియ్యమని రెండుసార్లు మొత్తుకున్న. ఇన్లేదా? ఇనీ ఇననట్టు పోయినవా? డాక్టర్ ముంగట ఏమన్నవ్? నేను తాగనా? నువ్ ఇస్తే కదా తాగేది! నన్ను మోసుకొచ్చినవా? ఎక్కడ? ఏ చేతులతోని?"

"నేను మల్లొస్త వదినా" అని స్నేహితుడు గొణిగి, వచ్చిన దారినే గబగబా వెళ్లిపోయాడు. మా ఆయన ముఖం నల్లబడింది. ముందుకు నడిచి వెళ్లిపోయాడు, మామూలు కంటే వేగంగా. నేను వెంట వెళ్లలేదు. గేటు దగ్గర రాగిజావ తాగి, ఒక్కదాన్నే ఇంటికొచ్చాను. జావ చాలా రుచిగా ఉంది.

నాలుగు రోజులు మాటల్లేవు. ఐదో రోజు అన్నం తింటూ తల ఎత్తకుండా అన్నాడు, "మా నాయన గూడ గట్లనే నడుస్తుండె. మాకు గదే అలవాటు."

అది విని నాకు జాలి కలగాలి. నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది. జాతరలకు పోయేటప్పుడు నెత్తి మీద మూట, చంకలో పిల్ల, అంత దూరంలో చేతులూపుకుంటూ మామయ్య, ఆమే చెప్పేది. చివరి రోజుల్లో మోకాళ్లు పనిచేయక మంచం మీద ఉన్నప్పుడు నేనే ఆమెకు నూనె రాసేదాన్ని. "ఆయనను అందుకోవాల్నని ఉరికి ఉరికి అరిగినయే" అని నవ్వేది. నేను కూడా నవ్వాను అప్పుడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"అత్తమ్మ మోకాళ్లు చూసినవ్ కదా. మల్ల గట్లనే ఎందుకు నడిచినవ్?" అన్నాను.

ఆయన తిన్న ప్లేటు తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు.

వారం తర్వాత, నన్ను అడగకుండా గోవాకు టికెట్లు బుక్ చేసి తెచ్చి చూపించాడు. క్షమాపణ అన్నమాట. నేను రానన్నాను. కావాలంటే నువ్వు పో అన్నాను. టికెట్లు క్యాన్సిల్ చేశాడు. ఆ తర్వాత కొన్ని నెలలు ఎటూ వెళ్లలేదు. పొద్దున నడకకు ఆయన ఒక వేళకు, నేను ఒక వేళకు వెళ్లేవాళ్లం. ఒంటరిగా నడిస్తే క్యాంపస్‌లో నెమళ్లు ఎన్ని ఉన్నాయో తెలిసింది.

ఈ ఫిబ్రవరిలో కార్వార్ వెళ్లాం. ఊరు నేను ఎంచుకున్నాను. నా బ్యాగు నాది, నా నీళ్లు నావి అని ముందే చెప్పాను. ఆగుదామంటే ఆగాలి. సరేనన్నాడు.

సముద్రం ఒడ్డున మొదటి రోజు ఆయన నా పక్కన నడిచాడు. రెండడుగులు వేసేవాడు, ఆగేవాడు, నిట్టూర్చేవాడు. నేను కరిగిపోతాననుకున్నాను. కరగలేదు. ఇంకా మండింది. ఎందుకంటే ఆయనకు చేతనవుతోంది! ఒక్క పూటలో వచ్చేసింది. ఇన్నేళ్లూ చేతకాక కాదు, అవసరం లేదనుకున్నాడు. నేను ఎటూ వెనకాల వస్తానని ఆయనకు అంత నమ్మకం.

ఆ మాటే చెప్పాను. "తప్పయింది" అన్నాడు మెల్లగా. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. సరే అన్నాను. క్షమించానని మాత్రం అనలేదు. కోపం పోయిందని అబద్ధం చెప్పి ఆయన మనసు తేలిక చేసే పని నేను పెట్టుకోను.

రెండో రోజు సాయంత్రం ఇసుకలో ఒకచోట కూర్చున్నాను. జాలర్లు వలలు విదిలిస్తున్నారు. నాకు అది చూడాలనిపించింది. పావుగంటకు ఆయన లేచి, ప్యాంటు దులుపుకున్నాడు.

"పోదామా?"

"లేదు."

నిలబడి కాసేపు దూరంగా కనబడే లైట్‌హౌస్ వైపు చూశాడు. అటు వెళ్లాలని ఉంది ఆయనకు, నాకు తెలుసు. మళ్లీ కూర్చున్నాడు. నేను వలల వైపే చూస్తూ ఉన్నాను.