పెద్ద మామా సినిమా నేను పెట్టలేదు

దయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. మా కడపలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇది ఎవరినో భయపెట్టడానికి రాయడం లేదు. చెయ్యని తప్పుకు పదిమందిలో తిట్లు తిన్నాను. ఆ మంట చల్లారక రాస్తున్నాను.

కువైట్‌లో ముబారక్ అల్ కబీర్‌లోని ఒక ఇంట్లో పని చేస్తున్నాను. ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఆమె అత్తగారు పెద్ద మామా. ఆ పెద్దామెను చూసుకోవడమే నా పని.

పెద్ద మామాకు ఒక సినిమా అంటే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో ఇంగ్లండులో తీసిన నలుపు తెలుపు పాటల హాస్య చిత్రం. పెళ్లయిన కొత్తలో భర్తతో చూసిందట. డబ్బున్న కుర్రాడు వంటవాడి వేషంలో ఓ పెద్దింట్లో చేరి, పాడుతూ ఆడుతూ పళ్లెంతో సహా నీళ్లతొట్టిలో పడతాడు. వాడు పడకముందే ఈమె నవ్వు మొదలుపెట్టేది. నవ్వు చివర చిన్న దగ్గు. భాష రాకపోయినా నేనూ నవ్వేదాన్ని.

ఆమె పోయాక మూడు రోజులు అజా, అంటే పరామర్శ. ఆ రోజుల్లో ఇంట్లో టీవీ మోగకూడదు. అందుకే మేడ మీద ఆమె గదిలో టీవీ తీగ నేనే పీకి చుట్టిపెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి మామాకు ఇచ్చాను.

రెండో రోజు మధ్యాహ్నం, వచ్చిన ఆడవాళ్లకు గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోస్తుంటే పైనుంచి ఆ సినిమా పాట వినబడింది. హాల్లో అందరూ మాటలాపేశారు. వంట చేసే లక్ష్మక్క నా చెయ్యి గిల్లింది.

"ఏమ్మే, ఈ పొద్దు టీవీ ఏంటికి పెట్టినావు?"

"నేను ఈడే ఉండా కదక్కా!"

మామా వినిపించుకుంటేనా! "సిగ్గులేదా నీకు? అజా అవగానే నిన్ను మీ దేశం పంపించేస్తా, ఖలాస్!" అని అందరి ముందూ అరిచింది. తాళంచెవి తన దగ్గరే ఉందన్న ఆలోచన కూడా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎలాగూ ఉద్యోగం పోయిందనుకుని, "రా మామా, నువ్వే చూడు" అంటూ మెట్లెక్కాను.

తాళం ఆమే తీసింది. తీగ నేను చుట్టినట్టే ఉంది. తెర నల్లగా ఉంది. పాట మాత్రం వస్తూనే ఉంది. అంతలో ఖాళీ మంచం వైపు నుంచి నవ్వు, చివర చిన్న దగ్గు. వెంటనే నీళ్లలో ఏదో పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మామా గబగబా తలుపుకు మళ్లీ తాళం వేసింది. "ఎవరికీ చెప్పకు" అంది.

"మరి కింద ఉన్నవాళ్లకు?" అని అడిగాను. మామా మెట్లు దిగిపోయింది.

నన్ను ఊరికి పంపలేదు. ఇప్పుడు ఆ ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటున్నాను. ఆ శబ్దం ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా తెలియలేదు, తెలిసినట్టు బుకాయించను కూడా. కానీ మూడో రోజు కూడా ఆ ఆడవాళ్లకు నేనే గహ్వా పోశాను. ఒకామె నా చేత్తో ఇచ్చింది వద్దని మొహం తిప్పుకుంది. మామా పక్కనే కూర్చుని ఉంది. ఈ పిల్ల తప్పేమీ లేదని ఒక్క మాట అనలేదు.