ఎర్రకోటు

రాజమండ్రి నుంచి వచ్చి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ తీసుకుంటున్న రోజులవి. నేనూ, నా రూమ్మేటూ, మా క్లాసులోని నరేశూ కలిసి పవర్ పాప్ బ్యాండ్ పెట్టాం, గిటార్ హోరుతో హుషారుగా సాగే పాటలన్నమాట. పాట నాది, గిటార్ నాది, గొప్పలూ నావే. డ్రమ్స్ నరేశ్‌వి. అతనికి కర్రలు పట్టడం నేర్పింది వాళ్ల నాన్న యాదయ్య గారు. ఆయన పెళ్లి బ్యాండ్‌లో డ్రమ్ వాయించేవారు. మా ప్రాక్టీసంతా బల్కంపేటలో వాళ్ల డాబా మీదే. "ముందుగాల తిను బిడ్డా, పాట యాడికి పోదు" అంటూ ఆయన నా చేతిలో పళ్లెం పెట్టేవారు.

పంజాగుట్టలోని ఒక కాఫీ షాపులో మా మొదటి ప్రోగ్రామ్. మైకు చేతికి రాగానే నాకు ఒళ్లు తెలియలేదు.

"బ్యాండ్ అంటే ఎర్రకోట్లేసుకుని ఊరేగింపుల్లో వాయించేవాళ్లం అనుకునేరు. మేం ఆర్టిస్టులమండీ" అన్నాను.

జనం గొల్లున నవ్వారు. నరేశ్ మాత్రం కర్రలు ఒళ్లో పెట్టేసుకుని తలుపు వైపు చూస్తున్నాడు. అక్కడ యాదయ్య గారు నిలబడి ఉన్నారు. పెళ్లి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఒంటి మీద ఎర్రకోటు అలాగే ఉంది.

వాయించమని కొడుక్కి ఆయనే సైగ చేశారు. చివరిదాకా నిలబడే విన్నారు. తర్వాత నేను తల దించుకుని దగ్గరికి వెళితే, "మంచిగ పాడిన్రు సార్" అన్నారు.

నరేశ్ మళ్లీ ప్రాక్టీసుకి పిలవలేదు. బ్యాండ్ అక్కడితో సరి. ఇప్పుడు ఆఫీసులో ఎవరు నన్ను సార్ అన్నా, ఆ ఇంట్లో నేను బిడ్డ కాకుండా పోయిన ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.